గోధుమ చేనుకు భాస్వరపు ఆకలి

(మెసయీద్‌లో జరిగిన సంక్రాంతి సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం. సంచిక నిమిత్తం స్వల్పంగా సవరించినది.)



నాట్యానికీ నాటకానికీ నడుమ మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. విషయం ఏమిటని కార్యదర్శిగారు అడిగితే 'భాస్వరం' అన్నాము. ఆయన కాస్త తటపటాయించారు. పండుగ పూట ఎరువుల మాట ఎందుకండీ అన్నారు. సంక్రాంతి అంటేనే పంట ఇంటికొచ్చే పండుగ గదా, పంటకు తిండి పెట్టే సంగతి ఈ పూట కాక ఎప్పుడు చెప్పుకుంటామని మేము సర్ది చెప్పుకున్నాము.

ఈ ప్రసంగం నలుగురం కలిసి సిద్ధం చేసింది. ఇద్దరం యూరియా ప్లాంటులో షిఫ్టు పనివాళ్ళం. ఒకరు లాబొరేటరీలో. నాలుగో ఆవిడ గృహిణి, అయితే బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్నవారు. చదివేది ఒకరైనా మాట నలుగురిదీ గనుక 'మేము' అనే అంటాము. ఇందులో తప్పు చేసింది మొదటి ముగ్గురం, దిద్దింది నాలుగో ఆవిడ. ఆ తప్పుతోనే మొదలుపెడతాము.

2024 నవంబరు నెల. మాతో పనిచేసే హర్యానా మిత్రుడొకరి తమ్ముడు ఊళ్ళో గోధుమ వేస్తున్నాడు. ఆ ఏడు విత్తే వేళకు ఉత్తరాది జిల్లాల్లో డి.ఎ.పి. కోసం రైతులు బారులు తీరిన సంగతి పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. ఆ తమ్ముడు మూడు రోజులు వరుసలో నిలబడ్డాడట. బస్తా దొరకలేదు. అదును దాటిపోతోంది. గోధుమకు అదును దాటితే ఆ నష్టం వేరు. సరే, తర్వాత చూసుకుందామని ఉత్త విత్తనం చల్లేశాడు. డిసెంబరులో చేను ఫొటో పంపించాడు. పైరు పొట్టిగా, పలచగా, ముడుచుకున్నట్టు ఉన్నది. మా మిత్రుడు ఆ ఫొటో పట్టుకుని టీ వేళకు మా దగ్గరకు వచ్చాడు. ఎరువుల కర్మాగారంలో పనిచేసేవాళ్ళం గదా, మాకంటే బాగా ఎవరికి తెలుస్తుందని.

మేము ఏమన్నాము? 'యూరియా చల్లమను' అన్నాము. ముగ్గురం ఒక్క గొంతుతో అన్నాము. మరో ఆలోచన కూడా రాలేదు.

తమ్ముడు నీరు పెట్టి యూరియా చల్లాడు. పది రోజులకు ఇంకో ఫొటో. చేను ముదురాకుపచ్చగా, నిగనిగలాడుతున్నట్టు ఉన్నది. చూశావా మన సరుకు పనితనం అని ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాము. జనవరిలో వచ్చిన ఫొటో చూసి మాట పడిపోయింది. పక్క చేలో నేల కనిపించడం లేదు, పైరు దుప్పటిలా కమ్మేసింది. వీళ్ళ చేలో సాళ్ళ మధ్య మట్టి అలాగే కనపడుతున్నది. కింది ఆకుల కొసలు వంకాయ తొక్క రంగుకు తిరిగాయి. ఫిబ్రవరిలో పక్కవాళ్ళకు కంకులు తొంగిచూశాయి, వీళ్ళకు ఇంకో వారానికి గాని రాలేదు. ఏప్రిల్‌లో కోస్తే పక్క చేలో వచ్చినదానిలో మూడింట రెండు వంతులే ఇంటికి చేరాయి. అన్నదమ్ములిద్దరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. సలహాకు కృతజ్ఞతలు కూడా చెప్పారు. మాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకునేది అదే.

ఆ వేసవిలో ఒక భోజనాల వేళ ఈ సంగతి చెబితే మా బాపట్ల సోదరి విస్తట్లో చెయ్యి ఆపి, 'దుక్కిలో భాస్వరం పడిందా లేదా అని అడిగారా అన్నయ్యగారూ?' అన్నారు. అడగలేదు. 'ఆకు ముదురుపచ్చగా ఉండి మొక్క ఎదగకపోతే అది నత్రజని ఆకలి కాదు. నత్రజని లేని ఆకు పాలిపోతుంది. ముదురుపచ్చ రంగు చూసి మీరు మురిశారు. అది జబ్బు గుర్తు' అన్నారు. తర్వాత ఇంకొక మాట అన్నారు. అది ఇక్కడ చెప్పము.

మాకు ఎందుకు తట్టలేదు? ఈ ఊరు అలాంటిది. దీన్ని ఉమ్ సయీద్ అన్న రోజుల్లో, 1949 చివర, దుఖాన్ నూనె మొదటిసారి ఓడకెక్కింది ఈ రేవులోనే. 1969లో ఖతార్ ఫెర్టిలైజర్ కంపెనీ, అంటే మనందరి నోట నానిన 'కాఫ్కో', ఏర్పడింది. 1973లో ఉత్పత్తి మొదలయింది. ఒక్కొక్క ప్లాంటే చేరుతూ 2012 నాటికి ఏడాదికి 56 లక్షల టన్నుల యూరియా చేయగల శక్తి వచ్చింది. ఒక్కచోట ఇంత యూరియా చేసి ఎగుమతి చేసే కర్మాగారాలు లోకంలో అరుదు. దోహాకు నలభై కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఈ ఇసుక తీరంలో మనలో కొందరి సంసారాలు ఆ తెల్ల గుళికల మీదే నిలబడ్డాయి. సహజవాయువు నుంచి ఉదజని, గాలి నుంచి నత్రజని తీసి అమ్మోనియా చేస్తాము. దానికి బొగ్గుపులుసు వాయువు కలిపి యూరియా చేస్తాము. అందులో నూటికి 46 పాళ్ళు నత్రజని. భాస్వరం పిసరంత కూడా లేదు. రోజంతా నత్రజనితో మెలిగేవాడికి పైరు చిక్కినప్పుడల్లా నత్రజనే గుర్తుకొస్తుంది. మంగలి కంటికి పెరిగిన జుట్టే కనిపించినట్టు.

ఇక ఈ బల్ల మీద ఉన్న కుండీల సంగతి. పిల్లలు వచ్చి చూడవచ్చు, ఆకులు మాత్రం పీకవద్దు.

మాటలతో చెబితే మాకే నమ్మకం కుదరలేదు. అందుకని నవంబరు ఆఖరి శుక్రవారం నాడు సీలైన్ దగ్గర దిబ్బల ఇసుక తెచ్చి, ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, నాలుగు కుండీలలో నింపాము. కొట్లో దొరికే మామూలు గోధుమలే నాటాము. పొటాష్, జిప్సం నాలుగింటికీ సమానం. తెల్ల రిబ్బను కుండీకి అంతకు మించి ఏమీ లేదు. పసుపు రిబ్బనుకు యూరియా. ఆకుపచ్చ రిబ్బనుకు నాటేనాడే గింజ కింద డి.ఎ.పి., తర్వాత యూరియా. ఎర్ర రిబ్బనుకు మొదట యూరియా మాత్రమే, ముప్ఫయ్యో రోజున డి.ఎ.పి. లాబొరేటరీ మిత్రుడు ఒక పట్టు పట్టాడు. డి.ఎ.పి.లో కూడా 18 పాళ్ళు నత్రజని ఉన్నది గనుక ఆ మేరకు యూరియా తగ్గించకపోతే లెక్క తప్పుతుందన్నాడు. చిటికెల్లో తూచి తగ్గించాము. ఇది పరిశోధన అని మేము చెప్పడం లేదు. బాల్కనీ ప్రయోగం, అంతే.

మొదటి పది పన్నెండు రోజులు నాలుగు కుండీలూ ఒక్క తల్లి పిల్లల్లా పెరిగాయి. పని చెడిందనుకున్నాము. మా సోదరి నవ్వి, 'గింజ తనతో తెచ్చుకున్న చద్ది అయిపోనివ్వండి' అన్నారు. గింజలో మొలకకు రెండు వారాలకు సరిపడా భాస్వరం దాచి ఉంటుందట. ఆ మూట విప్పుకుని తిన్నన్నాళ్ళు మొక్కకు నేలతో పని లేదు. ఆ తర్వాత తెల్ల రిబ్బను మొక్క పాలిపోయింది. పసుపు రిబ్బను మొక్క ముదురుపచ్చగా నిలబడింది. మూడో వారంలో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నది ఆ పసుపు రిబ్బను కుండీనే! సరిగ్గా మేము హర్యానా చేనును మెచ్చుకున్నట్టే. నాలుగో వారానికి ఆకుపచ్చ రిబ్బను మొక్క మొదలు దగ్గర పిలకలు వేయడం మొదలుపెట్టింది. ఇవాళ చూడండి, ఒక్కో మొక్కకు మూడు నాలుగు పిలకలున్నాయి. పసుపు రిబ్బను మొక్క ఒంటి కాలి కొంగలా ఉన్నది. కింది ఆకు కొసలు ఊదారంగు.

అన్నిటికంటే మమ్మల్ని ఆలోచింపజేసింది ఎర్ర రిబ్బను కుండీ. ముప్ఫయ్యో రోజున డి.ఎ.పి. పడ్డాక దాని కొత్త ఆకులు బాగానే వస్తున్నాయి, ఊదారంగు ఆగింది, పొడుగూ సాగుతున్నది. కాని మొదటి పిలకలు రావలసిన చోట్లు ఉత్తగానే ఉండిపోయాయి.

దీనికి కారణం మా సోదరి చెప్పినదాన్ని మాకు అర్థమయినంతలో చెబుతాము. గోధుమ మొక్కలో ప్రతి ఆకు కణుపులోనూ ఒక పిలక మొగ్గ ఉంటుంది. దానికొక ముహూర్తం ఉన్నది. నాలుగో ఆకు తొంగిచూసే వేళకు మొదటి ఆకు కణుపు నుంచి మొదటి పిలక రావాలి. ఆ తర్వాతి ఆకుతోపాటు రెండోది. ఆ సమయానికి మొక్క ఒంట్లో భాస్వరం చాలకపోతే ఆ పిలకను అది దాటవేస్తుంది. దాటవేసిన పిలక మళ్ళీ రాదు. తర్వాత బస్తాలు గుమ్మరించినా రాదు. అయిదో తరగతిలో అడుగుపెట్టిన పిల్లవాణ్ణి మళ్ళీ ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెట్టలేము గదా. గోధుమ దిగుబడి అంటే చదరపు గజానికి ఎన్ని కంకులు, కంకికి ఎన్ని గింజలు, గింజ బరువెంత అనే మూడింటి హెచ్చవేత. భాస్వరం కొరత మొదటి దెబ్బ ఆ మొదటి అంకె మీదే కొడుతుంది. అదీ విత్తిన నాలుగైదు వారాల లోపల, ఆకు పచ్చగా ఉన్నప్పుడే.

ఇంతకీ భాస్వరం మొక్కలో చేసే పని ఏమిటి? ఆకు ఎండను పట్టి చక్కెర చేస్తుంది. ఆ శక్తిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే నాణెం ఎ.టి.పి. అనే పదార్థం. ఆ నాణెం భాస్వరంతో ముద్రించినది. కణం రెండు కణాలు కావాలంటే వంశపత్రం లాంటి డి.ఎన్.ఎ. నకలు రాసుకోవాలి, దాని వెన్నెముకలో భాస్వరమే. కణానికి గోడలోపల ఉండే పొరలోనూ అదే. అది చాలనప్పుడు కొత్త కణాలు తయారు కావు, ఆకులు సాగవు. కాని పచ్చదనమిచ్చే పదార్థం మాత్రం తయారవుతూనే ఉంటుంది. చిన్న ఆకులో ఎక్కువ పచ్చదనం ఇరుక్కుంటే ముదురుపచ్చగా కనిపించక ఏమవుతుంది! వాడకం లేని చక్కెర ఆకులో పేరుకుంటే ఊదారంగు పుడుతుంది. మొక్క తెలివిగలది. ఉన్న కొద్దిపాటి భాస్వరాన్ని ముసలి ఆకుల నుంచి లాగి లేత ఆకులకు పంపుతుంది. అందుకే జబ్బు కింది ఆకుల్లో ముందు కనిపిస్తుంది. పై ఆకు మాత్రమే చూసి వెళ్ళిపోయేవాడికి ఏమీ తెలియదు. ఊదారంగు కూడా ప్రతి చేలో రాదు. చాలా చేలు ఏ రంగూ మారకుండానే చిక్కిపోతాయి. పక్కన బాగా పండిన చేను లేకపోతే రైతు తన పంట అంతేననుకుంటాడు.

కంకి ఆలస్యమైందన్నాము. అది చిన్న సంగతి కాదు. ఉత్తరాదిలో గోధుమ గింజ పాలు పోసుకునేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. వారం ఆలస్యమైతే ఆ వారమంతా ఎండలో పడుతుంది. 2022 మార్చిలో ఎండలు ముందుగా విరుచుకుపడి గింజలు నొక్కుకుపోవడం, మే 13న భారత ప్రభుత్వం గోధుమ ఎగుమతులు ఆపివేయడం మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఏడాదిలో భాస్వరం లేక వెనకబడిన చేనుకు రెండు దెబ్బలు.

నేలలో భాస్వరం లేకనా ఇదంతా? ఉంటుంది. దాని స్వభావమే చిత్రం. నత్రజని నీటితోపాటు పరుగెడుతుంది. భాస్వరం వేసిన చోటే కూర్చుంటుంది. పంటకాలమంతటిలో అది కదిలేది మిల్లీమీటర్ల లెక్క. సున్నం ఎక్కువ ఉన్న నేలలో కాల్షియం దాన్ని పట్టేస్తుంది, ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియం పట్టేస్తాయి. వేసిన దానిలో అయిదో వంతు ఆ పంటకు దక్కితే గొప్ప. కనుక వేరే దాని దగ్గరకు వెళ్ళాలి. డిసెంబరు చలికి వేరు మందంగా పెరుగుతుంది, అప్పుడు కొరత రెట్టింపుగా తగులుతుంది. పైన చల్లడం కంటే గింజకు రెండు మూడంగుళాల దరిలో, కాస్త లోతుగా, విత్తేటప్పుడే వేయమని చెప్పేది ఇందుకే. ఈ ఖతార్ నేల సున్నపురాయి పొడి. మన క్వార్టర్ల పెరట్లో గోంగూరకూ కరివేపాకుకూ ఎంత యూరియా పోసినా గిడసబారి ఉండటం చూసి నీళ్ళను తిట్టుకునేవాళ్ళు ఒకసారి ఈ సంగతి కూడా ఆలోచించాలి.

నేలలో ఎంత భాస్వరం పైరుకు అందుబాటులో ఉన్నదో చూడడానికి 1954లో అమెరికాలో ఓల్సెన్ అనే ఆయన బృందం వంటసోడా లాంటి ద్రావణంతో ఒక పరీక్ష రూపొందించింది. సున్నపు నేలలకూ మన నల్లరేగళ్ళకూ అదే నప్పుతుంది. మన దేశపు పరీక్షా కేంద్రాల లెక్కలో హెక్టారుకు 10 కిలోల లోపు భాస్వరం తేలితే తక్కువ, 25 దాటితే ఎక్కువ, నడుమ ఉంటే మధ్యస్థం. ఆ హర్యానా చేను మట్టిని 2025 వేసవిలో పరీక్షకు పంపించాము. పదికి కిందనే తేలింది. పరీక్ష చేయించింది పంట పోయాక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇక్కడ మన తెలుగువాళ్ళం ప్రత్యేకంగా పొరబడే చోటు ఒకటున్నది. మనం వరి మనుషులం. మా ముగ్గురి ఇళ్ళల్లోనూ వరి చేలే. ఏదో ఒక ఏడు డి.ఎ.పి. మానేసినా వరి పెద్దగా అలగకపోవడం మేము చిన్నప్పటి నుంచి చూశాము. దానికి కారణం మడిలో నిలిచిన నీరు. దమ్ము చేసి నీరు కట్టాక బురదలోకి గాలి చొరబడదు. అప్పుడు ఇనుము రూపం మారి, అది పట్టి ఉంచిన భాస్వరాన్ని వదిలేస్తుంది. వరి దాన్ని హాయిగా అందుకుంటుంది. అదే మడిలో నీరు తీసేసి, నేల ఆరాక గోధుమ వేస్తే ఇనుము తన పిడికిలి మళ్ళీ బిగిస్తుంది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు భాస్వరం గోధుమకు వేయండి, దాని వెనుక వేసే వరికి అక్కరలేదు, మిగిలినదానితో వరి గడుపుకుంటుందని చెబుతారు. వారు గోధుమకు ఎకరానికి చెప్పే మోతాదు 55 కిలోల డి.ఎ.పి. అంటే ఒక బస్తాకు పైచిలుకు. ఆ ఒక్క బస్తా లేకనే మనవాడి పంట మూడో వంతు పోయింది. మన ఆదిలాబాదు, మెదకు వైపు నల్లరేగడిలో కొద్దిగా గోధుమ వేసేవాళ్ళు కూడా వరి లెక్క గోధుమకు వేయరాదు.

ధర సంగతి ముట్టుకోకపోతే ఈ మాట సగమే అవుతుంది. 1992 ఆగస్టు 25న భారత ప్రభుత్వం భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తివేసింది. యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచి ధర కొంత తగ్గించింది కూడా. ఫలితం ఆ ఏడే కనిపించింది. 1991-92లో దేశం మొత్తం మీద 33 లక్షల టన్నులకు పైగా ఉన్న భాస్వరం వాడకం మరుసటి ఏడు 28 లక్షల టన్నుల దగ్గరకు పడింది. నత్రజని వాడకం 80 లక్షల నుంచి 84 లక్షలకు పెరిగింది. 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చినప్పుడూ యూరియాను అందులో చేర్చలేదు, మళ్ళీ అదే వంకర. 2024లో 45 కిలోల యూరియా బస్తా 242 రూపాయలు, వేపపూత ఖర్చూ పన్నులూ అదనం. 50 కిలోల డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయలు. చేతిలో మూడు వందలున్న రైతు ఏ బస్తా కొంటాడో చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు. పైగా యూరియా చల్లితే పది రోజుల్లో రంగు చూపిస్తుంది. భాస్వరం వేసినవాడికి నెల రోజుల దాకా ఏమీ కనిపించదు. ధర విషయంలో తప్పు రైతుది కాదని మా గట్టి అభిప్రాయం. చవకైన వస్తువునే మందు అనుకునేటట్టు మూడు దశాబ్దాలు నేర్పినాక, అతను నేర్చుకున్నాడని తప్పు పట్టడం ఏం న్యాయం?

బస్తాల మీది అంకె కూడా ఒక చిక్కే. యూరియా మీద 46, డి.ఎ.పి. మీద కూడా 46. ఒకటి నత్రజని, రెండోది భాస్వరం. రెండూ ఒకే బలమనీ, ఒకటి చవకనీ అనుకున్న పెద్దమనిషిని మేము మా జిల్లాలోనే చూశాము.

పప్పులో ఉప్పు లేకుండా నెయ్యి ఎంత పోస్తే మాత్రం రుచి వస్తుంది? ఏ పోషకం అన్నిటికంటే తక్కువగా ఉన్నదో పంట దానికి కట్టుబడుతుందని జర్మనీలో స్ప్రెంగెల్, లీబిగ్ అనే వారు పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలోనే చెప్పారు. ఇంగ్లండులో లాస్ అనే భూస్వామి 1842లో సూపర్ ఫాస్ఫేట్‌కు పేటెంటు పుచ్చుకుని, ఆ మరుసటి ఏడు రోథంస్టెడ్‌లోని తన పొలంలో గోధుమతో ప్రయోగం మొదలుపెట్టాడు. బ్రాడ్‌బాక్ అనే ఆ చేలో ప్రయోగం ఇప్పటికీ నడుస్తున్నది. భాస్వరం వేసిన మడీ వెయ్యని మడీ పక్కపక్కన పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. నూట ఎనభై ఏళ్ళ కిందటే తేలిన సంగతి మా ముగ్గురికి టీ బల్ల దగ్గర గుర్తు రాలేదు.

భాస్వరం ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఒక మాట. మనం చేసే నత్రజనికి గాలే గని, నూటికి 78 పాళ్ళు అదే. భాస్వరానికి గాలిలో చోటు లేదు. రాతి నుంచే తవ్వాలి. లోకంలో లెక్కకు వచ్చిన ఫాస్ఫేటు రాతి నిల్వల్లో మూడింట రెండు వంతులకు పైగా మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతంలోనే ఉన్నాయి. మన దేశంలో రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్ర వంటి గనులు కొన్ని ఉన్నా మన ఆకలికి చాలవు. 1967లో విశాఖపట్నంలో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ మొదలయినప్పటి నుంచి మన తీరంలో భాస్వరపు ఎరువులు తయారవుతున్నా, రాయో ఆమ్లమో ఎక్కువ భాగం ఓడల మీద రావలసిందే. మన పొరుగునే, ఈ గల్ఫు తీరం వెంట ఉత్తరాన, సౌదీలోని రాస్ అల్ ఖైర్‌లో 2011 నుంచి డి.ఎ.పి. చేస్తున్నారు. ఒకే సముద్రం ఒడ్డున వాళ్ళు భాస్వరం, మనం నత్రజని. రెండు ఓడలూ మన రేవులకే. ఒకటి రాకపోతే రెండోది కూడా సగం వృథా. భాస్వరం లేని మొక్క మనం చేసిన నత్రజనిని తినలేదు. తినని నత్రజని కొంత గాలిలో కలుస్తుంది, కొంత నేలలోకి దిగి బావుల్లోకి పోతుంది. రాత్రి షిఫ్టులో కళ్ళు మండుతూ చేసిన గుళిక అలా పోవడం తలుచుకుంటే మాకు నిజంగానే కష్టంగా ఉంటుంది.

పిల్లల కోసం ఒక ముచ్చట. 1669లో జర్మనీలోని హాంబుర్గ్‌లో బ్రాండ్ అనే ఒకాయన బంగారం చేద్దామని బోలెడు మూత్రం పోగుచేసి మరగబెట్టాడు. బంగారం రాలేదు, చీకట్లో మెరిసే మైనం లాంటి పదార్థం వచ్చింది. వెలుగు తెచ్చేది అని దానికి గ్రీకులో పేరు పెట్టారు. మన భాస్వరమన్న మాటకు కూడా వెలిగేదనే అర్థం. మనవాళ్ళు పెట్టిన పేర్లలో ఇది మేలైనది.

ఇంత చెప్పి ఒక హెచ్చరిక చెప్పకపోతే మా సోదరి ఊరుకోరు. ఇది విని ఇవాళ రాత్రే ఊరికి ఫోను చేసి 'డి.ఎ.పి. దండిగా వెయ్యండి' అనవద్దు. అది మా తప్పుకు తోబుట్టువు అవుతుంది. తెలుగు నేలల్లో చాలా చోట్ల సంగతి తలకిందులు. ఏళ్ళ తరబడి ప్రతి పంటకూ డి.ఎ.పి., 28-28, 17-17-17 వేసి వేసి, వేసిన చోటే కూర్చునే భాస్వరం నేలలో పేరుకుపోయింది. మితిమీరిన భాస్వరం జింకును మొక్కకు అందకుండా చేస్తుంది. అలాంటి నేలలో భాస్వరం తగ్గించి, దాన్ని కరిగించే బాక్టీరియా కల్చరు వాడమని తెలంగాణలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. పూర్వం పశువుల ఎరువు తోలే రోజుల్లో ఈ పని కొంత దానంతటదే జరిగేది. కనుక ఒక చేనుకు ఆకలి, ఇంకో చేనుకు అజీర్ణం. ఫొటో చూసి రెండింటి తేడా చెప్పడం మావల్ల కాదు. మట్టి పరీక్ష చీటీ చెబుతుంది.

ఇప్పుడు మమ్మల్ని ఎవరైనా ఫొటో చూపించి అడిగితే ఆగి మూడు ప్రశ్నలు వేస్తున్నాము. విత్తి ఎన్ని రోజులయింది? దుక్కిలో ఏం పడింది? మట్టి చీటీ ఉందా? జవాబులు రాకపోతే మాకు తెలియదనే చెబుతున్నాము. షిఫ్టులో కొందరికి ఇది నచ్చలేదు. ఇంత కర్మాగారంలో ఉండి ఈ మాత్రం చెప్పలేరా అంటున్నారు.

హర్యానా తమ్ముడు 2025 నవంబరులో మళ్ళీ గోధుమ వేశాడు. ఈసారి అక్టోబరులోనే వరుసలో నిలబడి బస్తాలు సంపాదించాడు. విత్తనపు గొర్రుతో గింజ పక్కనే ఎరువు పడేటట్టు విత్తించాడు. సరిగ్గా ఇరవై ఒకటో రోజున, కిరీటపు వేళ్ళు దిగే వేళకు, మొదటి తడి ఇచ్చాడు. మొన్న భోగి నాడు ఫొటో వచ్చింది. ఒక మొక్కను పీకి, మట్టి కడిగి, అరచేతిలో పెట్టి తీసిన ఫొటో. పిలకలు లెక్కపెట్టుకోమని అడుగున హిందీలో రాశాడు. అయిదు లెక్కకు వచ్చాయి. మా సోదరి కళ్ళద్దాలు పెట్టుకుని చూసి ఆరు అన్నారు. కోతలు ఏప్రిల్‌లో.

కుండీలు నాటకం అయ్యేదాకా ఇక్కడే ఉంటాయి. సెలవు.